జారిన రిబ్బను

మా కనుభాయ్ నోట్లో "కాదు" అనే మాట పుట్టలేదు. ఎవరు ఏ ఫోటో పట్టుకొచ్చినా, అది చెదలు తిన్నదైనా చాయ్ ఒలికినదైనా, చేతిలోకి తీసుకోకముందే "హో జాయేగా బెన్", అంటే ఐతది అక్కా, అనేవాడు. అనడం ఆయన వంతు, చేయడం నా వంతు. సూరత్‌లో, లింబాయత్ సందులో ఆయనది ఫోటో స్టూడియో. చీరల డిజైన్లు గీసే పెద్ద ఆఫీసుల్లో తప్ప కంప్యూటర్ కనపడని ఆ రోజుల్లో ఆయన ఒకటి కొని, పక్కన స్కానర్ పెట్టి, "పాత ఫోటోలు కొత్తవిగా చేయబడును" అని గుజరాతీలో, హిందీలో, నా చేత తెలుగులో కూడా బోర్డు రాయించాడు. నేను రాసిన ఆ తెలుగు ముక్క చూసే నర్సవ్వ వదిన లోపలికి వచ్చింది.

ఆమె నాకు కొత్త మనిషి కాదు. గోడాదరాలో మా గదికి మూడు తలుపుల అవతల వాళ్ళ గది. మా నాయినా, ఆమె భర్త బుచ్చిరాములు అన్నా సిరిసిల్ల నుంచి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పని కోసం సూరత్ వచ్చినవాళ్ళే. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే కంప్యూటర్ క్లాసుకు పోయి, ఈ స్టూడియోలో కుదిరాను. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, సింధూజ. ఏడేళ్ళ పిల్ల. ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో జ్వరం వచ్చి పోయింది.

వదిన కొంగు చాటునుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఒక పెండ్లి ఫోటో, అరచేతి కంటే కాస్త పెద్దది. స్టేజీ మీద కొత్త జంట, చుట్టూ ఇరవై మంది. కుడి అంచున, సగం ఫోటోలోకి సగం బయటికి అన్నట్టు సింధూజ నిలబడి ఉంది. మడిచి కట్టిన రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఒక చెయ్యి ఫోటో అంచుదాకా చాచి ఉంది. ముఖం కందిగింజంత.

"గిది పెద్దగ చెయ్యాలె, సుభాషిణీ. మా అత్తమామల ఫోటోలున్నయి గద గోడకు, అంత. పెత్రమాస నాటికి." పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య అది, బతుకమ్మకు ముందు వస్తుంది.

"ఇంకో ఫోటో లేదా వదినా?"

లేదని నాకు తెలుసు. మా వాడకట్టులో అందరికీ తెలుసు. అంతకుముందు ముగ్గురు పుట్టి పోయాక మిగిలిన పిల్ల. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని అత్త చెప్పిన మాట వదిన గట్టిగా పట్టుకుంది. బడిలో ఫోటోలు దించే రోజున పిల్లకు కడుపునొప్పి అని చెప్పి ఇంట్లో కూర్చోబెట్టింది. బుచ్చిరాములన్న ఒకసారి స్టూడియోకు తీసుకుపోతానంటే వారం రోజులు మాట్లాడలేదు.

"ఇది కూడ నేను దిగనియ్యలేదు," అంది వదిన. "ఆ దిక్కు నేనున్న. ఫోటో తీస్తున్నరు, ఇటు రా బిడ్డా అని కొంగు ఊపి పిలిచిన. నా కొంగు పట్టుకుంటందుకే చెయ్యి సాపింది. అంతల వాడు తీసిండు. ఆ రాత్రి వాని మీద ఎంత కోపమొచ్చిందో."

కోపం వచ్చిన ఆ ఫోటోయే ఇప్పుడు ఆమెకు దిక్కయింది.

నెగెటివ్ ఉంటే ఇంత తిప్పలు ఉండేది కాదు. ఆ పెండ్లివాళ్ళు మహారాష్ట్రలో, భివండిలో ఉంటారు. బుచ్చిరాములన్న వాళ్ళకు ఫోన్ చేయించి అడిగాడు. పోయిన ఏడు సూర్యగ్రహణం నాడు, నల్లటి ఫిల్ము అడ్డం పెట్టుకుంటే కండ్లకు మంచిదని ఎవరో చెబితే, ఆ నెగెటివ్‌లను ముక్కలు చేసి వాడంతా పంచుకున్నారట. సూర్యుణ్ణి చూశాక ఎవరి ముక్క వాళ్ళు పారేశారట. ఇది విని నాకు ఒళ్ళు మండింది, కానీ ఎవరిని తిట్టాలి?

నేను నోరు తెరిచే లోపలే కనుభాయ్ ఫోటో అందుకుని, "హో జాయేగా బెన్. కంప్యూటర్ మే సబ్ హోతా హై," అన్నాడు. మంత్రాలకు చింతకాయలు రాలవని మనవాళ్ళు అంటారు. ఆ మాట ఆయనకు హిందీలో ఎలా చెప్పాలో నాకు తోచలేదు. వదిన ముఖంలోకి రక్తం వచ్చింది. బిడ్డ పోయిన తరువాత ఆ ముఖంలో వెలుగు చూడడం అదే మొదలు. ఇక కాదని ఎలా అంటాను?

ఫోటో స్కాన్ చేసి అసలుది ఆమె చేతికే ఇచ్చేశాను. ముందు మాస్కు చేయాలి. మాస్కు అంటే మొహానికి తొడుక్కునేది కాదు. ఫోటోలో మనకు కావలసిన మనిషి చుట్టూ మౌస్‌తో గీసుకుంటూ పోతే, ఆ మనిషి ఉన్న జాగా తెల్లగా, మిగతాదంతా నల్లగా ఒక వేరే బొమ్మ తయారవుతుంది. తెల్లగా ఉన్నచోట పని చెయ్యి, నల్లగా ఉన్నచోటు ముట్టకు అని కంప్యూటర్‌కు చెప్పడం అన్నమాట. పక్కన నిలబడ్డ పెండ్లికొడుకు మేనత్త చీర నుంచి సింధూజ భుజాన్ని విడదీయడానికే ఒక పూట పట్టింది. జడల దగ్గర ఇంకా కష్టం. కుడివైపు రిబ్బను పువ్వులా నిలబడి ఉంది. ఎడమవైపుది ముడి జారి చెవి మీదికి వేలాడుతోంది.

కనుభాయ్ వెనకనుంచి చూసి, ఆ వేలాడేదాన్ని కత్తిరించి రెండోది కూడా పువ్వులా చెయ్యి, అందంగా ఉంటుందని అన్నాడు. నేను వినలేదు. ఆ పిల్లకు ఎడమ రిబ్బను ఎప్పుడూ నిలిచేది కాదు. పొద్దున వదిన ఎంత బిగించి కట్టినా, బడికి పోయేలోపు జారేది. వాడకట్టులో ఎవరి తలుపు ముందు కనపడితే వాళ్ళు మళ్ళీ కట్టేవాళ్ళం.

మాస్కు అయ్యాక ముఖాన్ని పెద్దది చేశాను. తెరమీద ఇసుక గడియారం తిరిగి తిరిగి ఆగింది. సింధూజ రాలేదు. గోధుమరంగు గళ్ళు వచ్చాయి. కన్ను ఉండాల్సిన చోట రెండు నల్ల గళ్ళు, నోరు ఉండాల్సిన చోట ఒక ఎర్ర గడి. చెంప మీద ఇంకో నల్లగడి ఉంది. అది దిష్టిచుక్కో నీడో నాకు తెలియలేదు.

ఆ రోజు సాయంత్రం షిఫ్టు దిగి బుచ్చిరాములన్న కూడా వచ్చాడు. నూలు పీచు ఇంకా జుట్టుకు అంటుకునే ఉంది. తెరవైపు కాసేపు చూశాడు.

"ఇంతేనా చెల్లె?"

"ఇందుల ఉన్నదే గంత అన్నా. గింజంత జాగల ఎన్ని చుక్కలున్నయో అన్నే ఉంటయి. పెద్దగ చేస్తే ఆ చుక్కలే పెద్దగైతయి. కొత్తయి రావు."

ఆయన తల ఊపాడు. జీవితమంతా బట్ట నేసిన మనిషికి అది చెప్పాల్సిన పని లేదు. "గజం బట్టకు పోసిన పోగులు తీస్కపోయి పది గజాలకు పరిస్తే జల్లెడ లెక్క జాలీ ఐతది. గంతే గద." వదిన వైపు తిరిగాడు. "ఇడిసిపెట్టే. చిన్నదే ఫ్రేము కట్టిద్దాం."

"ఐతదన్నడు గద ఆయన," అంది వదిన, కనుభాయ్‌ని చూపిస్తూ. కనుభాయ్ అప్పుడు కూడా తల ఊపాడు.

ఆ తరువాత పదిహేను రోజులూ నాకు వేరే పని కనపడలేదు. గళ్ళు పోవడానికి మసక చేశాను. మైనం బొమ్మ ముఖం వచ్చింది. కనుభాయ్ దగ్గర ఒక డబ్బా ఉండేది. అందులో తలలేని ఒళ్ళ ఫోటోలు ఉండేవి: కోటూ టై వేసుకున్న ఒళ్ళు, పట్టుచీర ఒళ్ళు, గౌను తొడుక్కున్న ఆడపిల్ల ఒళ్ళు. ఎప్పుడూ లుంగీ తప్ప కట్టని ముసలాయన చనిపోతే, ఆయన తలను కోటు మీద పెట్టి ఇచ్చేవాళ్ళం. ఇంటివాళ్ళు సంతోషపడేవాళ్ళు కూడా. ఒళ్ళు ఎవరిదైనా చెల్లుతుంది, చిక్కంతా ముఖంతోనే. కనుభాయ్ మాట మీద, శాంపిల్ ఫోటోల్లోని ఒక పిల్ల కండ్లు తెచ్చి సింధూజకు పెట్టాను. వదిన వచ్చి చూసింది.

"గిది ఎవల పిల్ల?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు.

నాకు ఏడుపొచ్చింది. పోనీ నేనైనా గుర్తు తెచ్చుకుని గీద్దామంటే, రోజూ చూసిన పిల్ల నాకు గుర్తు రావడం లేదు. ఆ గొంతు గుర్తుంది. "సుభాషత్తా" అని తలుపు గొళ్ళెం గలగలలాడించడం గుర్తుంది. ముందుపన్ను ఊడిన సందు గుర్తుంది. కనుబొమలు ఎట్లా ఉండేవి? నుదురు వెడల్పా, ఇరుకా? మనిషిని రోజూ చూస్తాం గానీ ఎప్పుడూ చూసి ఉండమని అప్పుడు తెలిసింది. వాడకట్టులో అడిగితే తలా ఒక మాట చెప్పారు. గుండ్రని ముఖమని ఒకరు, కోలముఖమని ఒకరు.

చివరికి దారి వదినే కనిపెట్టింది.

"కండ్లు నావే అంటరు అందరు. ముక్కు వాళ్ళ నాయినది. మా ఇద్దరి ఫోటోలు తీసి, అవి చిన్నగ చేసి పెట్టరాదు?"

అది విని నాకు ఆశ పుట్టింది. పెద్దదాన్ని చిన్నది చేయడం కంప్యూటర్‌కు చాలా తేలిక. ఉన్నదాంట్లోంచి కొంత పారేస్తే చాలు. చిన్నదాన్ని పెద్దది చేయాలంటేనే లేనిది పుట్టించాలి, అది దాని వల్ల కాదు. ఇద్దరినీ లైట్ల ముందు కూర్చోబెట్టి కనుభాయ్ ఫోటోలు తీశాడు. వదిన చిన్నప్పటినుంచీ ఫోటో దిగలేదు. కెమెరాను చూసి కళ్ళార్పకుండా బిగుసుకుపోయింది. ఇప్పుడు ఎవరి ఆయుష్షు తగ్గినా ఆమెకు పట్టింపు లేదు.

ఆమె కండ్లు తగ్గించి పెట్టాను. అన్న ముక్కు తగ్గించి పెట్టాను. ఆ గళ్ళ మీద, మాస్కు దాటకుండా, చెంపలు నింపాను. ముఖం కుదిరింది. మొదటిసారి తెరమీద ఒక పిల్ల మమ్మల్ని చూసింది. పోలికలన్నీ ఉన్నాయి, కానీ ఆ చూపు ఏడేళ్ళ పిల్లది కాదు. మూడు నెలలు ఏడ్చిన తల్లి కండ్లవి. ఎంత చిన్నవి చేసినా ఆ ఏడుపు చిన్నది కాలేదు.

బుచ్చిరాములన్న గోడవైపు తిరిగి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "మంచిగుంది చెల్లె. ఇగ చాలు," అన్నాడు. ప్రింటు తీసిస్తే వదిన ఆ కాగితాన్ని గుండెకు ఆనించుకుని పోయింది. కనుభాయ్ నావైపు చూసి, చూశావా, అయిందా లేదా అన్నట్టు నవ్వాడు.

పెత్రమాస ఇంకా వారం ఉందనగా ఆమె మళ్ళీ వచ్చింది. ప్రింటు చుట్టచుట్టి చేతిలో పట్టుకుంది. టేబుల్ మీద బోర్లా పెట్టింది.

"ఇది నాకొద్దు."

"ఏమైంది వదినా? మార్చాల్నా?"

"మొదలు కండ్లు మూసుకుంటే నా బిడ్డ కనపడేది. నీళ్ళు పోస్తుంటే, అన్నం తింటుంటే, ఎట్లుంటే గట్ల కనపడేది. ఇప్పుడు కండ్లు మూస్తే గిదే వస్తుంది. నా బిడ్డ వస్తలేదు." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు ఒక్కొక్కటి చూపెట్టినప్పుడల్ల జరంత జరంత పోయింది, సుభాషిణీ. ఆ మొదటి చిన్నది చూపెట్టు. గది చూస్తే మళ్ళ వస్తదేమో."

"చిన్నది నీ దగ్గరే ఉంది గద."

ఆమె ఆ ప్లాస్టిక్ కవరు తీసింది. పెండ్లి ఫోటోలో అందరూ ఉన్నారు. కుడి అంచున, సింధూజ ముఖం ఉండాల్సిన చోట, ఎర్రమరక ఉంది. మరక నడుమ తెల్లకాగితం బయటపడింది.

రోజూ స్నానం చేసి దేవుని పటానికి బొట్టు పెట్టినట్టే ఆ ఫోటోకు కూడా పెట్టేదట. అద్దం లేని ఉత్త ఫోటో. ఉంగరపు వేలికి ఎంత కుంకుమ అంటుతుందో, ఆ ముఖం అంతకంటే చిన్నది. మరునాడు పొద్దున తడిగుడ్డతో పాత బొట్టు తుడిచి కొత్తది పెట్టేది. కుంకుమతో పాటు రంగు ఊడింది, రంగుతో పాటు బిడ్డ ఊడింది.

"అరిగిపోతుందని తెలుస్తనే ఉండె," అంది. "నీ కంప్యూటర్ల ఉన్నది గద అనుకున్న."

ఆమెది ఆమె దగ్గర అరిగిపోతుంటే నా దగ్గర ఉందని ఆమె ధీమా. నా దగ్గర లేకున్నా ఆమె దగ్గర అసలుది ఉందని నా ధీమా. నా దగ్గర ఎందుకు లేదంటే, నవరాత్రులు వస్తున్నాయి. గర్బా ఫోటోల ఆర్డర్లు పట్టడానికి జాగా లేదని కనుభాయ్ ఆ ముందురోజే కంప్యూటర్‌లోని పాత ఫోటోలన్నీ ఊడ్చేశాడు. సింధూజ స్కాను అందులోనే పోయింది. ఆయన్ను అడిగితే మొదటిసారి "హో జాయేగా" అనలేదు. "ప్రింటు ఇచ్చేశాం కదా" అని నసిగాడు. ఆ ఒక్కరోజు ఆయన ఆ మాట అని ఉంటే బాగుండేదని నాకే అనిపించింది.

ఇక మిగిలింది నా ఫ్లాపీల డబ్బా. అందులో ఉండదని తెలిసినా ఒక్కొక్క ఫ్లాపీ పెట్టి చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రంగుల ఫోటో ఫ్లాపీలో పట్టదు. నలుపు తెలుపుల మాస్కు మాత్రం పడుతుంది. మాస్కు గీయడానికే రోజులు పడతాయి కాబట్టి అవి మాత్రం దాచేదాన్ని. "సింధూజ" అని రాసిన ఫ్లాపీ కనపడితే వదిన కుర్చీలోంచి లేచింది. అందులో ముఖం లేదని చెబుతూనే తెరిచాను.

తెర నిండా నలుపు. నలుపు మధ్య తెల్లగా పిల్ల ఆకారం. కళ్ళు లేవు, ముక్కు లేదు, గౌను లేదు, రంగు లేదు. కుడి జడ మీద రిబ్బను పువ్వు. ఎడమది జారి చెవి మీదికి వేలాడుతోంది. ఒక చెయ్యి తెర అంచుదాకా చాచి ఉంది, వేళ్ళు విడివిడిగా.

వదిన తెరకు దగ్గరగా వంగింది. తరువాత చెయ్యి చాచి, తెరమీద జారిన ఆ రిబ్బను దగ్గర రెండు వేళ్ళు పెట్టి, పైకి తోయబోయింది.

"నిలవదు ఇది," అంది. "ఎన్నిసార్లు కట్టినా."

అప్పుడు ఏడ్చింది. బిడ్డ పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. నేనూ ఏడ్చాను. కనుభాయ్ కొత్త గిరాకీని బయటే ఆపి తలుపు దగ్గరికి వేశాడు.

"గిదే పెద్దగ చెయ్యి," అంది కళ్ళు తుడుచుకుని. "మొకం వద్దు."

మాస్కును పెద్దది చేస్తే అంచు మసకబడుతుంది. ఆ మసకను మళ్ళీ ఇటు నలుపు అటు తెలుపు అని విడగొడితే, గీత గీసినట్టు వస్తుంది. ముఖం లేదు కాబట్టి చెడడానికి ఏమీ లేదు. అన్ని రోజులు కుస్తీపట్టినా రానిది ఒక్క పూటలో అయింది. గోడకు పట్టేంత పెద్దది, ఎక్కడా ఒక్క గడి కనపడకుండా.

పెత్రమాస నాడు పొద్దున వాళ్ళ గదికి పోయాను. చిన్నపిల్లలకు పెత్రమాస పెట్టరని వాడకట్టులో పెద్దవాళ్ళు చెప్పి చూశారు. వదిన వినలేదు. గోడ మీద అత్తామామల పక్కన నల్లటి ఫ్రేములో తెల్లటి పిల్ల ఉంది. చూడడానికి వచ్చినవాళ్ళు ఏమనాలో తెలియక ఫోటో వైపు, ఒకళ్ళ వైపు ఒకళ్ళు చూసుకుంటున్నారు. బుచ్చిరాములన్న ఆ ఫ్రేముకు తానే అద్దం బిగించాడు. మందపాటి అద్దం.

వదిన కుంకుమ భరిణె తీసుకుని మొదట అత్తకు, తరువాత మామకు, తరువాత బిడ్డకు బొట్టు పెట్టింది. ఆ తెల్లటి ముఖంలో నుదురు ఎక్కడో నాకు తెలియదు, గీసినదాన్ని నేనే అయినా. ఆమె వేలు ఎక్కడా ఆగకుండా పోయి సరిగ్గా ఆనింది. ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుంది.

"సుభాషిణీ," అంది మెల్లగా, అన్నకు వినపడకుండా. "ఇంక పెద్ద పెద్ద కంప్యూటర్లు వస్తయంటున్నరు గద. అవి వస్తే, దీంట్ల నా బిడ్డ మొకం వస్తదా?"

లేనిది ఏ కంప్యూటర్ కూడా తేలేదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ సందులో ఎవరూ లేరు. వదిన నా నోటివైపే చూస్తోంది.

"ఐతది వదినా," అన్నాను.